ఐదు మిల్లీమీటర్ల విస్తరణ

ముక్తేపురం మునిసిపాలిటీలో ఎవరూ ఏ పనీ చెయ్యరని బయట ఒక అపవాదు ఉంది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఇరవై ఆరేళ్లుగా ఒకే కుర్చీ అరగదీసినవాణ్ణి కాబట్టి, ఆ మాట పచ్చి అబద్ధమని చెప్పగలను. నీళ్ల ఏసోబు సైకిలు టైరు విషయంలో మేమంతా ఎంత చాకిరీ చేశామో వింటే మీరూ ఒప్పుకుంటారు.

కొత్తగా వచ్చిన కమిషనర్ గారికి సైకిలంటే ప్రాణం. ఆదివారం తెల్లారేసరికి ఒంటికి అతుక్కుపోయే పసుపుపచ్చ బట్టలు వేసుకుని, తలకి పుచ్చకాయ చెక్కలాంటి టోపీ పెట్టుకుని, బైపాసు మీద నలభై కిలోమీటర్లు తొక్కి వచ్చేవారు. సోమవారం మీటింగులో ఆ నలభై కిలోమీటర్లూ మాచేత మళ్లీ తొక్కించేవారు. "మోటారు అనేది మనిషి కాళ్లకి జరిగిన అవమానం" అని ఒకరోజు సెలవిచ్చారు. మేమందరం రాసుకున్నాం. మీటింగు అవగానే ఆయన కారెక్కి, ఆఫీసు వెనకే ఉన్న బంగళాకి భోజనానికి వెళ్లారు.

నెల తిరక్కుండా 'హరిత సంచారం' పథకం కింద ఫీల్డు సిబ్బందికి ముప్పై రెండు సైకిళ్లు దిగాయి. మామూలు సైకిళ్లు కావు, పందేల సైకిళ్లు. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. స్టాండు లేదు, క్యారియర్ లేదు, గంట లేదు. టైరు నా బొటనవేలంత వెడల్పు ఉంది.

"ఇరవై మూడు మిల్లీమీటర్లు!" అన్నారు కమిషనర్ గారు పంపిణీ సభలో, టైరుని వేలితో మీటుతూ. "టైరు ఎంత సన్నగా ఉంటే పరిపాలన అంత వేగంగా ఉంటుంది."

మా సూపరింటెండెంటు పానకాలరావు గారు చప్పట్లు మొదలుపెట్టారు. ఎవరు ముందు ఆపాలో తెలియక మేం చాలాసేపు కొట్టాం.

ఆ సైకిలు అందుకున్నవాళ్లలో ఏసోబు ఒకడు. వాల్వు ఆపరేటరు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండిన తుమ్మకొమ్మలా ఉంటాడు. మా ఊరికి ఒకటే ట్యాంకు, నలభై ఒక్క వాల్వులు. పొద్దున ఐదింటికి ట్యాంకు వదలగానే, భుజాన టీ ఆకారపు ఇనప రాడ్డు వేసుకుని ఒక్కో వీధి వాల్వు తిప్పుకుంటూ పోతాడు. ఆఖరిది దిబ్బ కాలనీ. అక్కడికి ఏడూ పదికి చేరితే, ట్యాంకులో మిగిలిన నీళ్లు అరగంట వస్తాయి. ఎనిమిదింటికి చేరితే గాలి వస్తుంది.

"ఇందులో ఎట్టా కూర్చోవాలి సార్?" అని అడిగాడు ఏసోబు, కొమ్ములు పట్టుకుని.

"వంగి" అన్నారు పానకాలరావు గారు. "ఆఫీసులో మేమందరం అలాగే కూర్చుంటున్నాం."

పాత సైకిళ్లు స్టోరుకి అప్పగించాలనీ, డ్యూటీ వేళల్లో ప్రభుత్వ సైకిలు తప్ప మరో వాహనం వాడరాదనీ సంతకాలు తీసుకున్నాం. ఏసోబు తన నల్ల సైకిలుని స్టోరు గదిలో గోడకి ఆనించి, సీటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. రసీదు కోసమనుకుని ఇచ్చి పంపాను.

ఇక మా ఊరి రోడ్ల గురించి ఒక మాట చెప్పాలి. మురుగు కాలువ రోడ్డుని దాటే ప్రతిచోటా ఒక ఇనప జాలీ పరిచి ఉంటుంది. ఊచలన్నీ రోడ్డు వెంబడి పొడుగ్గా ఉంటాయి. ఊచకీ ఊచకీ మధ్య సందు అంగుళం, అంటే ఇరవై ఐదు మిల్లీమీటర్లు. పాత సైకిళ్ల టైర్లు లావువి కాబట్టి ఆ సందు సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ పట్టలేదు.

మూడో రోజు పొద్దున్నే పోస్టాఫీసు ముందున్న జాలీలో ఏసోబు ముందు చక్రం గూటిలో పెట్టినట్టు దిగింది. సైకిలు ఆగింది. ఏసోబు ఆగలేదు. గడ్డం చీలి ఐదు కుట్లు పడ్డాయి, కింది పన్ను ఒకటి పోయింది. ఆ రోజు దిబ్బ కాలనీకి నీళ్లు లేవు.

ప్రమాద నివేదిక నేనే నింపాను. కారణం అన్న చోట అజాగ్రత్త, మద్యం, దైవఘటన అని మూడే ఉన్నాయి. జాలీ అన్నది లేదు. ఏసోబు మీద ఉన్న అభిమానంతో దైవఘటనకి టిక్కు పెట్టాను.

కట్టు విప్పకముందే ఏసోబు రైలు గేటు పక్కన సైకిలు షాపు నడిపే మీరావలి దగ్గరికి వెళ్లాడు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల స్నేహం. మీరావలి సైకిలుని తలకిందులు చేసి, చక్రం తిప్పి, కళ్లు చికిలించి చూశాడు.

"ఇది మనూరి బండి కాదు ఏసోబన్నా. గచ్చు మీద తిరిగే బండి."

"గచ్చు యాడుంది మనకి? ఏదో ఒకటి చెయ్ రా."

"ఫోర్కులో సందుంది. ఇరవై ఎనిమిది టైరు పడతది. బ్రేకు రబ్బర్లు కాస్త ఎడం చేస్తే సరి. గాలి కూడా రాయిలా కొట్టక్కర్లా, కొంచెం మెత్తగా ఉంచు, నడుం బతుకుద్ది."

ఏసోబు తన జేబులోంచే కొనుక్కుని రెండు టైర్లూ మార్పించాడు. మర్నాడు పోస్టాఫీసు జాలీ ముందు దిగి, ముందు చక్రాన్ని చేత్తో దాని మీదికి నెట్టి చూశాడట. ఊచల మీద నిలిచింది. ఎక్కి తొక్కుకుంటూ పోయాడు. ఏడూ పదికి దిబ్బ కాలనీలో నీళ్లు పడ్డాయి. ఆ పైన పన్నెండు రోజులు రోజూ పడ్డాయి. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఏదో అక్రమం జరుగుతోందని మాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

పదమూడో రోజున స్టోర్సు తనిఖీ. పానకాలరావు గారు మనిషి నిఖార్సైనవారు. కాలేజీ ఫిజిక్సు ల్యాబునుంచి వెర్నియర్ కాలిపర్సు తెప్పించి, ముప్పై రెండు సైకిళ్లూ వరండాలో నిలబెట్టించి, టైరు టైరుకీ కొలత తీశారు. ఏసోబు సైకిలు దగ్గర ఆగిపోయారు. మళ్లీ కొలిచారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచారు.

"శేషయ్యా! రిజిస్టరులో ఇరవై మూడు. ఇక్కడ ఇరవై ఎనిమిది."

"చిత్తం" అన్నాను.

"తగ్గితే దొంగతనం అంటాం. పెరిగితే ఏమంటామయ్యా?"

ఆయన మధ్యాహ్నమంతా రూల్సు పుస్తకాలు తిరగేశారు. తరిగిపోవడానికి పదకొండు సెక్షన్లున్నాయి గానీ పెరగడానికి ఒక్కటీ లేదు. చివరికి ఆయనే ఒకటి తయారుచేశారు: 'ప్రభుత్వ ఆస్తి పై అధికారుల అనుమతి లేకుండా వృద్ధి చెందుట.' సాయంత్రానికల్లా ఏసోబుకి మెమో వెళ్లింది.

ఏసోబు దాన్ని చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మీరే రాసి పెట్టాలి శేషయ్య గారూ. పడ్డాను, మళ్లీ పడకూడదని ఏయించుకున్నాను. నా డబ్బులే. అంతే రాయండి."

అంతే రాస్తే అది జవాబు ఎలా అవుతుంది? నేను రెండు పేజీలు రాశాను. విషయం అన్న చోట మొదట 'టైరు లావు చేయుట' అని రాసి, ఫైల్లో అది మర్యాదగా ఉండదనిపించి కొట్టేసి, 'టైరు విస్తరణకు అనుమతి కోరుట' అని రాశాను. ఈ కథలో జరిగిన అనర్థానికంతటికీ ఆ ఒక్క మాట కారణం. దాన్ని నేను ఇప్పటికీ చక్కటి మాటే అంటాను.

తపాలా పంచే ఇన్‌వార్డు వాళ్లు 'విస్తరణ' అన్నది చూసి ఫైలుని టౌన్ ప్లానింగుకి పంపేశారు. ఊళ్లో ఏది విస్తరించినా వాళ్లదే కదా. టౌన్ ప్లానింగు ఆఫీసరు చక్రధర్ గారు మెయిన్ రోడ్డుని ఇరువైపులా కొట్టించి వెడల్పు చేసిన ఘనులు. పొరపాటున వచ్చిందని చెప్పి వెనక్కి తెచ్చుకుందామని వెళ్లాను.

"పొరపాటేముంది శేషయ్య గారూ?" అన్నారాయన. "విస్తరణ అంటే విస్తరణే. రోడ్డా టైరా అన్నది సైటు తనిఖీలో తేలుతుంది."

సైటు తనిఖీ వరండాలో జరిగింది. ఆయన టేపు పట్టించారు, ఫోటోలు తీయించారు. చక్రానికి మధ్య గీత ఎక్కడో నిర్ణయించి, అక్కణ్ణుంచి ఇరువైపులా రెండున్నర మిల్లీమీటర్ల చొప్పున లెక్క కట్టారు. ఫోర్కునీ బ్రేకు రబ్బర్లనీ ప్రభావితులుగా గుర్తించి ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు వేయించారు. పదిహేను రోజుల్లోగా ప్రజలు అభ్యంతరాలు తెలుపవచ్చునని నోటీసు రాసి సైకిలు సీటుకే అంటించారు. అంతవరకూ యథాతథ స్థితి. అంటే సైకిలు కదలరాదు. వరండా స్తంభానికి గొలుసు వేసి కట్టేశారు.

"మరి నా పాత సైకిలైనా ఇప్పియ్యండి సార్" అన్నాడు ఏసోబు.

"అప్పగించిన ఆస్తి, తుక్కు వేలం జాబితాలో ఉంది" అన్నారు పానకాలరావు గారు. "పైగా ప్రభుత్వ సైకిలు తప్ప మరో వాహనం వాడనని నువ్వే సంతకం చేశావు."

"అయితే నడవనా?"

"నడకని ఏ రూలూ నిషేధించలేదు" అన్నారు ఆయన ఉదారంగా.

ఏసోబు నడిచాడు. ఐదింటికి ముందు ట్యాంకు వదలరు కాబట్టి ముందుగా బయల్దేరి లాభం లేదు. ఇనప రాడ్డు మోసుకుంటూ సగం పరుగు, సగం నడకతో వెళ్లినా దిబ్బ కాలనీ చేరేసరికి ఎనిమిదిన్నర అయ్యేది. కుళాయి కాసేపు గుర్రు పెట్టి ఊరుకునేది. కాలనీ ఆడవాళ్లు రైలు పట్టాలకి అవతలున్న బోరింగు దగ్గరికి బిందెలతో వెళ్లడం మొదలుపెట్టారు. పట్టాల మీద గూడ్సు ఆగి ఉంటే దాని కిందనుంచే దూరి వెళ్లేవాళ్లు.

నాలుగు రోజులయ్యాక ఏసోబు కమిషనర్ గారినే కలుస్తానన్నాడు. తోడు నేను వెళ్లాను. బంగళా వసారాలో కమిషనర్ గారు తన సైకిలు గొలుసుకి నూనె పెట్టుకుంటున్నారు. ఏసోబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ, చూపు మాత్రం ఆ చక్రం మీదే ఉంది.

"తమరి టైర్లు లావుగా ఉన్నయ్ సార్."

కమిషనర్ గారి ముఖం వెలిగింది. "ముప్పై రెండు! గమనించావే! ఇప్పుడు ప్రపంచం మొత్తం వెడల్పు టైర్ల వైపు పోతోందయ్యా. రోడ్డు మీద పట్టు బావుంటుంది, ఒళ్లు నొప్పులుండవు. వేగం తగ్గుతుందన్నది పాత మాట. అది తప్పని తేలిపోయింది."

"మరి మాయి సార్?"

"మీవి టెండరు పిలిచిన నాటి సైన్సు ప్రకారం కొన్నవి." ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "సైన్సు మారుతుంది. టెండరు మారదు. అయినా ఫైలు నడుస్తోందిగా, నడవనీ."

బయటికి వస్తూ గేటు దాటేటప్పుడు ఏసోబు, "ఫైలుకి కూడా నడకేనా శేషయ్య గారూ?" అన్నాడు. నవ్వాలో వద్దో తెలియక దగ్గాను.

పదహారో రోజున బహిరంగ విచారణ. వచ్చిన అభ్యంతరం ఒక్కటే. రాసినవారు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు అనంతం మాస్టారు. మెయిన్ రోడ్డు విస్తరణలో ఆయన ఇంటి అరుగు పోయింది. అప్పణ్ణుంచి విస్తరణ అన్న నోటీసు ఎక్కడ కనపడినా అభ్యంతరం రాసి ఇస్తారు.

"మాస్టారూ, ఇది సైకిలు టైరండీ" అన్నారు చక్రధర్ గారు.

"ఏదైతేనేం? ఇవాళ టైరంటారు, రేపు అరుగంటారు."

"మీ అరుగు ఎప్పుడో పోయింది కదండీ!"

"అందుకే" అన్నారు మాస్టారు, కూర్చుంటూ.

ఆ అభ్యంతరాన్ని పరిశీలనార్హంగా నమోదు చేస్తుండగా దిబ్బ కాలనీ ఆడవాళ్లు పదిమంది లోపలికొచ్చారు. ముందు నడుస్తున్నది పేరమ్మ. మిరపకోతల్లో ముఠా మేస్త్రీగా చేసిన మనిషి, గొంతు పెద్దది. కానీ ఆ రోజు గట్టిగా మాట్లాడలేదు. చేతిలో ఉన్న రేకులాంటి వస్తువుని తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు పానకాలరావు గారు.

"బిందె."

చూశాం. స్టీలు బిందే. పళ్లెంలా అణిగిపోయి ఉంది. మూతి ఎక్కడుందో వెతుక్కోవాలి.

"నిన్న గూడ్సు ఆగుందని మా కోడలు కింద దూరింది బాబూ. దూరతా ఉండగానే బండి కదిలింది. పిల్ల బయటపడింది, బిందె పడలా." పేరమ్మ ఆ రేకు మీద అరచెయ్యి ఆనించింది. "అది మూడో నెల కడుపుతో ఉంది. రాత్రి నుంచి మాటాపలుకూ లేకుండా కూర్చుంది. మాకు టైర్లూ గియ్యర్లూ తెలవదు. ఏసోబన్నకి సైకిలు ఇచ్చేయండి."

ఏసోబు గోడవైపు తిరిగాడు. పానకాలరావు గారు గొంతు సవరించుకుని నావైపు వంగారు.

"శేషయ్యా, బిందెని అభ్యంతరం కింద రాయాలా, సమ్మతి కిందా?"

నేను 'ఇతరములు' అన్న కాలమ్‌లో రాశాను. రాస్తుంటే కలం సాగలేదు. సిరా అయిపోయిందనుకుని విదిలించాను. అయిపోలేదు.

మర్నాడు కాక ఆ మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఐదు మిల్లీమీటర్ల టైరు విస్తరణకు సూత్రప్రాయంగా అనుమతి మంజూరు. ఏసోబు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నేను నాలుగో షరతు దాకా చదివి ఆగాను. 'అనుమతి నేటి నుండి మాత్రమే వర్తించును. కావున ఇదివరకే జరిగిన అనధికార విస్తరణను తొలగించి, టైరును పూర్వపు వెడల్పునకు తెచ్చి, కొలత ధ్రువీకరణ పొందిన పిమ్మటనే అధికారిక విస్తరణ చేపట్టవలెను.'

"అంటే?" అన్నాడు ఏసోబు.

"ఇరవై ఎనిమిది తీసేసి, ఇరవై మూడు వేసి, మాకు చూపించి, మళ్లీ ఇరవై ఎనిమిది వెయ్యాలి."

మీరావలికి కబురు పెట్టాను. ఆ సన్న టైర్లు పనికిరావని ఎప్పుడో కోసేసి షాపు ముందు పందిరికి కట్టేశాడట. అలాంటివి మన జిల్లాలో దొరకవనీ, మద్రాసు నుంచి రావాలనీ, మూడు వారాలు పడుతుందనీ చెప్పాడు. పక్క సైకిలు టైర్లు అరువు అడిగితే, అవి దాని నంబరు మీదే ఉన్నాయి, తీయరాదన్నారు స్టోరు వాళ్లు.

ఏసోబు వరండా మెట్ల మీద కూలబడ్డాడు. గడ్డం మీద కుట్ల మచ్చని వేలితో రాసుకుంటూ, "ఇంకో మూడు వారాలు ఆ పట్టాల కింద దూరతారు" అన్నాడు. నాతో అన్నట్టు లేదు. ఎవరితోనూ అన్నట్టు లేదు.

మర్నాడు పది గంటలకి పానకాలరావు గారు ఫ్యాను కింద కూర్చుని రిజిస్టరు తెరిచారు. ఎండగా ఉందని ఆయన వరండాలోకి రాలేదు. "వెళ్లి కొలిచి రాసుకురావయ్యా. పూర్వపు వెడల్పు వచ్చిందో లేదో చూడు" అని కాలిపర్సు నా చేతికిచ్చారు.

నేను వెళ్లి సైకిలు ముందు గొంతుక్కూర్చున్నాను. ఎర్ర ఇంటూ గుర్తుల మధ్య టైరు అలాగే ఉంది. కొలిచాను. ఇరవై ఎనిమిది. ఏసోబు మెట్ల మీదనుంచి చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను అర్థం లేని వాక్యాలు బోలెడు రాశాను గానీ, అంకె మాత్రం ఎన్నడూ తప్పు రాయలేదు. ఇరవై మూడు అని రాశాను.

పానకాలరావు గారు చూసి సంతకం పెట్టారు. "ఇక అధికారిక విస్తరణ చేసుకోమను."

నేను క్యాంటీనుకి వెళ్లి టీ తాగాను. తిరిగొచ్చి మళ్లీ కొలిచాను. ఇరవై ఎనిమిదే. అదే రాశాను.

"ఇంత త్వరగానా?" అన్నారు పానకాలరావు గారు.

"మీరావలి పనిమంతుడండీ."

ఆయన తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలారు. "చూశావా శేషయ్యా? పద్ధతి ప్రకారం పోతే పది నిమిషాల పని. ఈ జనం ఊరికే కంగారు పడతారు గానీ!"

గొలుసు విప్పించాను.

ఉత్తర్వు నకలు ఒకటి ప్రభావిత ప్రాంతంలో అంటించాలి. బంట్రోతుని పంపితే సరిపోయేది. ఎందుకో నేనే వెళ్లాను. మర్నాడు పొద్దున ఏడింటికి దిబ్బ కాలనీ చేరాను. అన్నేళ్లు ఆ కాలనీ పేరు ఫైళ్లలో రాశాను గానీ అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. కుళాయి దగ్గర బిందెలు బారుగా ఉన్నాయి. చివర ఒక అమ్మాయి మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. పేరమ్మ కోడలని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

ఏసోబు వచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, రాడ్డు గుంటలోకి దించి తిప్పాడు. కుళాయి దగ్గింది, గాలి ఊదింది, ఎర్రగా ఉమ్మింది, ఆ తర్వాత తెల్లగా ధార కట్టింది. ఆ అమ్మాయి తలెత్తి చూసింది.

నేను గోడకి కాగితం అంటిస్తుంటే పేరమ్మ దగ్గరికొచ్చింది. "ఏం రాశారు బాబూ అందులో?"

"టైరు ఐదు మిల్లీమీటర్లు విస్తరించుకోవడానికి అనుమతి ఇచ్చాం."

"ఐదంటే ఎంత?"

బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి చూపించాను. మరీ ఎక్కువ చూపిస్తున్నానేమోనని ఇంకొంచెం దగ్గరికి తెచ్చాను. పేరమ్మ ఆ సందుని కళ్లు చిన్నవి చేసి చూసింది. తర్వాత నా ముఖం చూసింది. తిట్టినా బావుండేది.

"కాస్త జరుగు బాబూ" అంది. "బిందె పెట్టుకోవాలి."

నేను పక్కకి జరిగాను. దానికి ఎవరి అనుమతీ అడగలేదు.